ఆపరేషన్ టేబుల్ కాడ నా పక్కన నిలబడ్డామె

మీరు నమ్మినా నమ్మకపోయినా ఇది నాకైందే. ఎవరో చెప్పంగ విన్నది గాదు. ఈ గుజరాతీ పట్నంల, ఉధ్నా మిల్లుల మా నాయిన పొద్దుమాపు నడిపే సాంచాల మీద ఒట్టేసి చెప్తున్న. ఆ మగ్గాలే మాకు ఇన్నేండ్లు బువ్వ పెట్టినయ్. వాటి మీద ఉత్త ఒట్టు నేనెందుకు పెడ్త?

నవ్వేటోళ్లు ఇప్పుడే నవ్వుకోండ్రి. మధ్యల నవ్వితే ఆపేస్త. స్వప్నా, ఆ ఫోన్ లైటు నా మొఖం మీదికెళ్లి తియ్యవే. కండ్లు గుంజుతున్నయ్. కరెంటు ఎట్లాగూ ఇప్పట్ల రాదు. డాబా మీద జర గాలన్న ఉంది. కూసోండ్రి.

నేను ఓటీ టెక్నీషియన్ కోర్సు జేసిన సంగతి మీకు ఎరికే. ఓటీ అంటే ఆపరేషన్ థియేటర్. డాక్టర్ కోస్తుంటే పక్కన నిలబడి కత్తి, కత్తెర, పట్టుకార్లు, దారం... ఏది కావాల్నో అది అరచేతిల పెట్టే పని. గది నేర్సుకుందామని పోయిన.

మెయిన్ రోడ్డు మీద, మొబైల్ దుకాణం పైన, రెండు రూములు. అదే మా కాలేజి. బయట బోర్డు మాత్రం మస్తు పెద్దది. మాస్కు కట్టుకున్న పిల్ల బొమ్మ, పక్కన 'నౌకరి గ్యారంటీ' అని. మా నాయిన ఆ బోర్డు చూసే చేర్పిచ్చిండు. "బిడ్డా, నువ్వు ఏసీల నిలబడి పని చెయ్యాలె. సప్పుడు లేని కాడ" అన్నడు. సాంచాల సప్పుడుకు ఆయన చెవులు సగం పోయినయ్ గదా... సప్పుడు లేని పనంటే ఆయనకు మస్తు గొప్ప.

లోపల ఏముందో తెలుసా? ఒక అద్దాల అల్మారి. దాంట్ల పనిముట్లు. దానికో తాళం. "చెకింగోళ్లు వస్తే చూపెట్టాలె, ముట్టొద్దు" అంటుండె సారు. అద్దం అవతల ఇనుము మెరుస్తుంటది. ఇవతల మేము జిరాక్సు కాయితాలు పట్టుకోని బొమ్మల పేర్లు బట్టీ పడుతుంటిమి. జిరాక్సుకు జిరాక్సు తీసి తీసి ఆ బొమ్మలన్ని నల్లగ అయినయ్. ఏది కత్తెరనో ఏది పట్టుకారో తెల్వదు.

నేను ఇంటికొచ్చి మా అమ్మను కూసోబెట్టి చెయ్యి చాపమంటుంటి. గరిటె తీసి ఆమె అరచేతిల ఫట్ మని పెట్టాలె. పిడి గట్టిగ తగలాలె, జారొద్దు. గట్లని కాయితంల రాసి ఉండె. "మెల్లగ పెట్టవే, చెయ్యి మండుతుంది" అంటుండె అమ్మ. నా ప్రాక్టికల్ అంటే గదే. గరిటెలు, అమ్మ చెయ్యి.

తర్వాత ట్రైనింగ్ అని ఈ పట్నం అంచున ఇచ్ఛాపూర్ దిక్కు ఒక చిన్న దవాఖానకు తోలిండ్రు. పేరు చెప్ప. అడగకుండ్రి. ఫ్యాక్టరీ పనోళ్లు వచ్చే దవాఖాన. కింద వార్డు, దాని మీద ఓటీ, ఇంకా మీద డాక్టర్ మేడమ్ ఇల్లు. ట్రైనింగ్ అంటే ఏందో అక్కడ తెలిసింది. బండలు తుడుసుడు. స్ట్రెచర్ నూకుడు. నెత్తుటి బట్టలు నానబెట్టుడు. ఆపరేషన్ నడుస్తుంటే గోడకు ఆనుకోని నిలబడుడు. అక్కడి అసలు టెక్నీషియన్ జిగ్నేశ్ భాయ్. "భాయ్, ఒక్కసారి ట్రాలీ నేను పెడ్త" అంటే, "పహలే పోఛా లగా" అంటుండె. ముందు తుడువు అని. తుడిసినంక? తుడిసినంక మళ్ల తుడుసుడే. కాలేజోళ్లు మమ్ముల పంపుతనే ఉన్నరు, దవాఖానోళ్లు తుడిపిస్తనే ఉన్నరు. ఉత్తపుణ్యానికి పనోళ్లు దొరికిండ్రు, వాళ్లకేం పోయింది?

సరే. ఆ రాత్రి సంగతికి వస్త.

వానాకాలం. పొద్దటి నుంచి ఒక్క తీర్గ దంచుతుంది. ఖాడీ, అదే పెద్ద కాలువ, పొంగి రోడ్డు మీదికి నీళ్లు వచ్చినయ్. నాది నైట్ డ్యూటీ. జిగ్నేశ్ భాయ్ ఫోన్ చేసిండు, బండి నీళ్లల్ల ఆగిపోయింది, రాలేను అని. వార్డుల నర్సు హంసాబెన్, నేను, గేటు కాడ వాచ్‌మెన్. గంతే.

అర్ధరాత్రి దాటినంక ఒక ఆటో వచ్చింది. నీళ్లు చీల్సుకుంట, బుగబుగ పొగ ఇడుసుకుంట. దాంట్ల రజిత. మన దిక్కు పిల్లనే. జగిత్యాల కాడ ఊరు. మొగడు శీను ఇక్కడ మిల్లుల పనిచేస్తడు. తొలి కాన్పు. నేను తెలుగుల మాట్లాడంగనే నా చెయ్యి పట్టుకుంది... ఇడుస్తలేదు. గోర్లు దిగుతున్నయ్. "అక్కా, నాకేం గాదు గదా?" అన్నది. నాకంటె పెద్దది, నన్ను అక్క అన్నది. అంత బుగులు పడ్డది పాపం.

మేడమ్ దిగొచ్చి చూసింది. ఉమ్మనీరు పచ్చగ పోతుంది. కడుపుల బిడ్డ గుండె తగ్గుకుంట వస్తుంది. పెద్ద దవాఖానకు తోల్దామంటే తొవ్వ లేదు. "ఇక్కడనే కోయాలె. ఇప్పుడే" అన్నది. మత్తు డాక్టర్ దగ్గర్లనే ఉంటడు. ప్యాంటు మోకాళ్ల మీదికి మలుసుకోని నీళ్లల్ల నడుసుకుంట వచ్చిండు.

అప్పుడు మేడమ్ నా దిక్కు చూసింది. అన్ని రోజుల్ల మొదటిసారి చూసింది అనుకుంట.

"కోర్సు జేస్తున్నవ్ గదా? పోయి ట్రాలీ పెట్టు. ఈ కేసుకు నువ్వే నిలబడాలె" అన్నది, హిందీల.

"మేడమ్, నేనెప్పుడు నిలబడలే..."

"మరి కోర్సుల ఏం నేర్పిండ్రు నీకు?"

ఏం చెప్పాలె? తాళం చూపెట్టిండ్రు మేడమ్, అని చెప్పాల్నా?

ఒక్కదాన్నే మీదికి పోయిన. జనరేటర్ మీద లైట్లు. ఒకసారి ఎక్కువైతయ్, ఒకసారి తక్కువైతయ్. ట్రాలీ మీద గుడ్డ పరిసి పనిముట్లు తీస్తున్న. ఇనుము ఒకదానికొకటి తాకి గలగలమంటుంది.

ఇగో... అప్పుడు వినవడ్డది.

ఓటీ పక్కనే చేతులు కడుక్కునే రూము ఉంటది. నడుమ ఒక తలుపు. ఆ తలుపు అవతల నల్లా ఇప్పిన సప్పుడు. నీళ్లు పడుతున్నయ్. తర్వాత బ్రష్షు... గర్... గర్... గర్... ఆపరేషన్‌కు ముందు గోర్ల సందులు రుద్దుతరు చూడు, గట్ల. తొందర లేదు. ఒక్కొక్క వేలు. ఒక వేలు అయినంక జర ఆగుడు. మళ్ల ఇంకో వేలు.

"జిగ్నేశ్ భాయ్?" అన్న.

బ్రష్షు ఆగింది.

వాన సప్పుడొక్కటే.

మళ్ల... గర్... గర్...

హమ్మయ్య, వచ్చిండు, ఎట్లనో వచ్చిండు అనుకున్న. నా పానం లేసొచ్చింది. ఉరికిపోయి తలుపు నూకిన.

ఎవ్వరు లేరు.

నల్లా బందుంది. సింకు తడిగ ఉంది. నీళ్లు పోయే జాలి మీద నురుగు... తెల్లటి సబ్బు నురుగు... బుడగలు ఒక్కొక్కటే పగులుతున్నయ్. టప్. టప్. నేను గట్లనే చూసుకుంట నిలబడ్డ. వానకు పైపులల్ల గాలి గురగురమన్నదేమో అనుకున్న. మరి నురుగు? నురుగు సంగతి ఆలోచించే టైము లేదు. స్ట్రెచర్ చక్రాల సప్పుడు ఇనవడ్డది. రజితను తెస్తున్నరు.

మత్తు ఇచ్చిండ్రు. నడుము కింద మొద్దువారే మత్తు, మనిషి మెలకువతోనే ఉంటది. కడుపు కాడ ఏం జరుగుతుందో అవుపడకుండ మొఖం ముందర గుడ్డ తెర కట్టిండ్రు. మేడమ్ ఒక దిక్కు, నేను ఎదురుంగ. ట్రాలీ నా పక్కన. మేమిద్దరం నీలం గౌన్లు తొడుక్కున్నం. కాయితం లెక్క ఉంటయ్, ఒక్కసారి తొడిగి పారేసేటియి.

మేడమ్ చెయ్యి చాపింది. కత్తి ఇచ్చిన. అది తెలుసు నాకు. గుడ్డలు అడిగింది, ఇచ్చిన. నెత్తురు అద్దే మాప్‌లు అంటరు. ఒకటి, ఇంకోటి. ఏమో, అన్ని ఇచ్చుకుంటనే ఉన్న.

బిడ్డను తీసింది.

బిడ్డ ఏడ్వలే.

నీలంగ ఉంది. మెత్తగ ఏలాడుతుంది. హంసాబెన్ అందుకోని మూలకు ఉరికింది. ఆమె ఎన్కనే మత్తు డాక్టర్ ఉరికిండు. ఇద్దరు మాకు ఈపు పెట్టి బిడ్డ మీద వంగిండ్రు. ఇగ టేబుల్ కాడ మేడమ్, నేను.

నెత్తురు ఆగుతలేదు. గర్భసంచి ముడుసుకోవాలె గదా... ముడుసుకుంటలేదు. నేల మీద చుక్కలు పడుతున్న సప్పుడు నాకు ఇనవడుతుంది. మేడమ్ చెయ్యి చాపి ఏదో పట్టుకారు పేరు అరిసింది. ఆ పేరు నాకు తెలుసు. బట్టీ పట్టిన. ట్రాలీ దిక్కు చూసిన. ఇనుమంత ఒక్క తీర్గ మెరుస్తుంది. నా తలకాయల జిరాక్సు బొమ్మ... ఉత్త నలుపు.

మేడమ్ చెయ్యి గాలిల ఉంది. వేళ్లు తెరుసుకుంటున్నయ్. మూసుకుంటున్నయ్. నా చేతులు లేస్తలేవ్. లేపుదామంటే లేస్తలేవ్.

అప్పుడు... నా చెవి పక్కన...

"జరుగు బిడ్డా."

తెలుగుల.

మంచిగ ఇనుండ్రి. ఆ దవాఖానల తెలుగు వచ్చేది నాకొక్కదానికే. ఆ రాత్రి ఇంకొకామెకు వచ్చు, ఆమె టేబుల్ మీద పండుకోని ఉంది. ఇది మాస్కు ఎన్కాల నుంచి వచ్చిన గొంతు. ఆడామె గొంతు. కోపం లేదు, తొందర లేదు. బస్సుల ఎవరన్న జరుగమంటే జరుగుతం చూడు, గట్ల జరిగిన. ఎందుకు జరిగిన్నో నాకు తెల్వదు.

ఒక చెయ్యి వచ్చింది. నా మోచేతి ముందర నుంచి. గ్లౌజు తొడుక్కున్న చెయ్యి. గౌను చెయ్యి నీలం గాదు... పచ్చది. బట్టది. ఉతికి ఉతికి మెత్తవడ్డ బట్ట. మోచేతి కాడ అతుకేసి కుట్టి ఉంది. ఆ కుట్టు... కండ్లు మూసుకుంటే ఇప్పటికి అవుపడుతది. గంజి వాసన వచ్చింది. గంజి పెట్టి ఇస్త్రీ జేసిన బట్ట వాసన.

ఆ చెయ్యి ఒక పనిముట్టు తీసింది. మేడమ్ అరచేతిల పెట్టింది. ఫట్.

ఇంకోటి. ఫట్.

మేడమ్ అడగకముందే ఇంకోటి. ఫట్.

మొఖం చూద్దామనుకున్న. మెడ తిరుగుతలేదు. కంటి చివర నుంచే చూసిన. టోపీ. మాస్కు. నడుమ కండ్లు. ఆ కండ్లు నన్ను చూస్తలేవ్. కోసిన కాడనే ఉన్నయ్. రెప్ప కొట్టినట్టు నేనైతే చూడలే... చానసేపు చూసిన. కొట్టలే.

మూల నుంచి ఒక సన్న గొంతు. క్యార్... క్యార్... బిడ్డ ఏడ్సింది. హంసాబెన్ గుజరాతీల ఏదో దేవుని పేరు తలిసింది. ఇటు నెత్తురు ఆగుకుంట వచ్చింది. మేడమ్ భుజాలు దిగినయ్. సూది అందుకోని కుట్టుడు షురూ జేసింది.

మళ్ల అదే గొంతు. ఈసారి ఇంకా దగ్గర.

"గుడ్డ ఒకటి తక్కువుంది."

లోపల పెట్టిన గుడ్డలన్ని బయటికి రావాలె. కడుపు మూసే ముందు లెక్క చూడాలె. నేను చూడలే. చూడాలని నన్ను నిలబెట్టి నేర్పినోళ్లు ఎవరు? కాని నా నోరు తెరుసుకుంది. "మేడమ్, ఏక్ మాప్ కమ్ హై" అన్న.

"పక్కానా?" అన్నది మేడమ్ కుట్టుడు ఆపి, కోపంగ.

"పక్కా" అన్న. ఏ ధైర్యంతోని అన్ననో.

మేడమ్ తిట్టుకుంట మళ్ల చెయ్యి పెట్టి దేవింది. దేవింది. దేవింది. గర్భసంచి ఎన్కాల నుంచి... నెత్తురుల నాని నెత్తురు రంగే అయిపోయిన గుడ్డ... గుంజి పక్కన పడేసింది. అది లోపల ఉండిపోతే చీము పట్టి రజిత పానమే పోతుండె.

అప్పుడు తల తిప్పిన. ఈసారి తిరిగింది.

పక్కన ఎవ్వరు లేరు.

కడుక్కునే రూము తలుపు మూసే ఉంది. కింద బండ చూసిన. టేబుల్ చుట్టు నెత్తురు, నీళ్లు. వాటిల్ల నా చెప్పుల అచ్చులున్నయ్, మేడమ్‌వి ఉన్నయ్. నా పక్కన, ఆమె నిలబడ్డ కాడ... ఏ అచ్చు లేదు.

కేసు అయినంక హంసాబెన్‌ను అడిగిన. "బెన్, టేబుల్ కాడ పచ్చ గౌను ఆమె ఎవరు?"

"ఏ ఆమె? నువ్వే నిలబడ్డవ్ గదా. నేను బిడ్డతోని ఉన్న" అన్నది.

మైల బట్టల డబ్బా మూత తీసిన. మాపటీలి దాన్ని ఖాళీ జేసింది నేనే. అది తప్ప ఇంకో పని ఇస్తే గదా నాకు. దాంట్ల పచ్చ గౌను. తడి నెత్తురు. మోచేతి కాడ అతుకు. నేనింకా నా నీలం గౌను మీదనే ఉన్న.

హంసాబెన్ చూసింది. "పాతయి అల్మారిల పడి ఉంటయ్. జల్దిల ఎవరో తీసుంటరు" అన్నది. అని, ఎప్పుడు మైల బట్ట ముట్టని మనిషి, తనే ఆ గౌను పట్టుకపోయి బకెట్ల ముంచింది. నన్ను ముట్టనియ్యలే.

"బెన్, ముందర ఇక్కడ తెలుగోళ్లు ఎవరన్న పని జేసిండ్రా?" అన్న.

"చాన మంది వచ్చిండ్రు, పోయిండ్రు. ట్రైనింగ్‌కొచ్చేటోళ్ల పేర్లు ఎవరికి యాదుంటయ్?" అన్నది. నా దిక్కు చూడకుండనే.

రజితను ఇంటికి తోలే రోజు పోయి కూసున్న. బిడ్డకు పాలిస్తుంది. "రాత్రి నీకు ఎవరి గొంతన్న ఇనవడ్డదా?" అని మెల్లగ అడిగిన.

"నీ గొంతే గదా" అన్నది. "తెర అవతల నుంచి 'భయపడకు బిడ్డా, అయిపోయింది' అన్నవ్. అంత నొప్పిల గుడ నవ్వొచ్చింది నాకు. నాకంటె చిన్నదానివి, నన్ను బిడ్డా అంటవా?"

నేను ఆ మాట అనలే. అన్న యాది లేదు. టేబుల్ కాడ నిలబడ్డంక నేను నోరు తెరిసి రజితతోని ఒక్క మాట మాట్లాడలే.

మేడమ్‌ను గుడ అడిగిన. అడగకపోతే నాకు బువ్వ లోపలికి పోయేటట్టు లేదు. పోతే ఆమెనే ముందు మాట్లాడింది. "ఎవరన్న అడిగితే ఆ రాత్రి జిగ్నేశ్ ఉన్నడని చెప్పు. ట్రైనింగ్ పిల్లను నిలబెట్టినమంటే మాట వస్తది" అన్నది.

అంటే చూడుండ్రి. బండి నీళ్లల్ల ఆగి రాలేకపోయిన జిగ్నేశ్ భాయ్ టేబుల్ కాడ ఉన్నడు. నేను లేను. నేనే లేకపోతే నా పక్కన నిలబడ్డామె గురించి నేనెవరిని అడగాలె?

అయినా అడిగిన. "మేడమ్, పనిముట్లు అన్ని నేను ఇయ్యలే. నా పక్కన ఒకామె ఉండె. మీరు చూడలేదా?"

మేడమ్ చాయ్ తాగుతుంది. కప్పు కింద పెట్టలే గుడ. "నేను చెయ్యి చాపుత. సామాను వస్తది. ఎవరు ఇచ్చిండ్రో నేనెందుకు చూస్త?" అన్నది. తిట్టినట్టు గాదు. వాన పడుతుంది అన్నట్టు... గట్ల మామూలుగ అన్నది.

ఆ మాటకు నాకు, ఆ చెయ్యి వచ్చినప్పటికంటె ఎక్కువ భయమేసింది. నిజంగ చెప్తున్న.

కోర్సు అయింది. సర్టిఫికెట్ పట్టుకోని పెద్ద దవాఖానలకు పోతే ఇది చెల్లదన్నరు. ఆ కాలేజి కాడ ఇప్పుడు కంప్యూటర్ క్లాసుల బోర్డు ఉంది. తిరిగి తిరిగి, ఇప్పుడున్న దవాఖానల హెల్పర్ అని పెట్టుకున్నరు. పని మాత్రం టెక్నీషియన్‌దే. ఇప్పుడు నా చేతులు ఆగయ్. కండ్లు మూసుకోని గుడ ఇస్త.

స్వప్నా, నువ్వు అడగబోయేది నాకు తెలుసు. ఆ చేతులు నావేనా అని. భయానికి నా చేతులే పనిజేసినయ్, నా నోరే మాట్లాడింది, నాకే తెల్వలేదు అని. నేను గుడ గట్లనే అనుకుందామని చూసిన. అయితే ఆ అతుకు కుట్టింది ఎవరు? ఆ గౌను అక్కడికెట్ల వచ్చింది? లేకపోతే నిజంగనే ఎవరో మనిషే... నీళ్లల్ల వచ్చి, పని జేసి, ఎవరు అడగలేదని పోయిందా? ఎవరు చూడని మనిషి ఉన్నట్టా, లేనట్టా?

నాకు తెల్వదు. ఎంత ఆలోచించినా తెల్వదు.

ఇప్పుడు ఒక్క అలవాటు పడ్డది. టేబుల్ కాడ ఎవరన్న మాస్కు కట్టుకోని నా పక్కకు వచ్చి నిలబడితే, ముందు పేరు అడుగుత. కొత్త ట్రైనింగ్ పిల్ల కానీ, బండలు తుడిసేటామె కానీ, అడుగుత. డాక్టర్లు నవ్వుతరు. నవ్వనీ.

ఆ రాత్రి మాత్రం అడగలే... అడిగితే చెప్తుండెనో, ఏమో.